ఆరోగ్యవరం నుండి చందమామ వరకు

'మాయాబజార్' చూడని తెలుగువారు అరుదు. 'గుండమ్మకథ' ఎన్నిసార్లు చూసినా విసుగు చెందనివారు ఇంటింటా ఉన్నారు. 'చందమామ' పత్రికను అమ్మమ్మ ఒడిలో కూర్చొని చదివించుకున్న తరాలు రెండు మూడైనా ఉంటాయి. ఈ మూడింటి వెనుకా ఉన్న పేరు చక్రపాణి. నిర్మాతగా, రచయితగా, సంపాదకుడుగా ఆయనను ఎరిగినవారు అనేకులు. కాని నిండు యౌవనంలో ఆయన క్షయరోగియై శానిటోరియంలో మంచం పట్టారనీ, ఆయన సాధించినదంతా ఆ మంచం మీదినుండి లేచిన తరువాత సాధించినదేననీ ఎరిగినవారు తక్కువ.

చక్రపాణి అనేది కలంపేరు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. గుంటూరు జిల్లా తెనాలిలోని ఐతానగరంలో ఒక మధ్యతరగతి రైతు కుటుంబంలో 1908 ఆగస్టు 5న జన్మించారు. ఆ రోజుల్లో తెనాలి సామాన్యమైన ఊరు కాదు. నాటకాలకు, పత్రికలకు, సాహిత్య గోష్ఠులకు, వాదప్రతివాదాలకు అది నిలయం. ఆంధ్రా పారిస్ అని దానికి పేరు. జాతీయోద్యమ ప్రభావంతో సుబ్బారావుగారి పాఠశాల విద్య మధ్యలోనే ఆగిపోయింది. పట్టాల చదువు ఆగిందే గాని భాషల చదువు ఆగలేదు. జాతీయభాష అన్న అభిమానంతో హిందీ నేర్చారు. సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు చాలవరకు స్వయంకృషితో అభ్యసించారు. కొత్త భాష ఎదురైతే దానిని వదలని పట్టుదల ఆయనకు చిన్ననాటనే అబ్బింది. ఆ పట్టుదలే ముందుముందు ఆయనకు అక్కరకు వచ్చింది.

1930 దశకం తొలినాళ్ళలో ఆయనకు క్షయ సోకింది.

ఆనాడు ఆ మాట చెవిని పడితే ఇల్లంతా కుప్పకూలేది. ప్రాచీన వైద్యగ్రంథాలు ఈ వ్యాధిని రాజయక్ష్మ అన్నాయి. రోగాలలో ఇది రాజు వంటిదని భావం. దీనికి కారణమైన సూక్ష్మజీవిని జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి ప్రకటించాడు. శత్రువెవరో తెలిసింది గాని, ఆ శత్రువును చంపే మందు అరవై ఏళ్ళు గడిచినా దొరకలేదు. చికిత్స లేనివారిలో సుమారు సగం మంది అయిదేళ్ళలో మరణించేవారు. చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1928లో నలభయ్యేళ్ళైనా నిండకుండానే క్షయతో కన్నుమూశారు. జవహర్‌లాల్ నెహ్రూ సతీమణి కమలా నెహ్రూను ఐరోపా శానిటోరియంలకు తీసుకొనిపోయినా ఫలితం లేక 1936లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో మరణించారు. ఐశ్వర్యమూ, పలుకుబడీ, విదేశీ వైద్యమూ ఆపలేని మృత్యువును తెనాలి రైతుబిడ్డ ఎట్లా ఆపగలడు? ఆ కుటుంబం ముందు నిలిచిన ప్రశ్న ఇదే.

ఈ వ్యాధి దేహాన్నే కాదు, మనిషి చుట్టూ ఉన్న బంధాలను కూడా క్షీణింపజేసేది. రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు వెలువడే సన్నని తుంపరల ద్వారా క్రిములు గాలిలో చేరి ఇతరులకు సోకుతాయి. ఈ సంగతి సగం తెలిసి సగం తెలియని సమాజం రోగిని దూరంగా పెట్టేది. కంచం వేరు, గ్లాసు వేరు, గది వేరు. వ్యాధి నయమై తిరిగి వచ్చినవారికి సైతం పిల్లనిచ్చేవారు, పని ఇచ్చేవారు వెనుకాడేవారు. అటువంటి రోజులలో వెంకట సుబ్బారావుగారు చికిత్స కోసం చిత్తూరు జిల్లా మదనపల్లెకు చేరారు.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున ఉన్న పట్టణం. కోస్తాలోని ఉక్కపోత అక్కడ ఉండదు. ఆ గాలిని చూచి, 1910 దశకంలో వివిధ క్రైస్తవ మిషనులు కలసి పట్టణానికి సమీపాన క్షయరోగుల కోసం ఒక శానిటోరియం నెలకొల్పాయి. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ అనే డెన్మార్కు వైద్యుడు దానికి అధిపతిగా ఉండి ఎంతో పేరు తెచ్చారు. దేశంలోని వివిధ ప్రాంతాల నుండి రోగులు అక్కడికి వచ్చేవారు. తరువాతి కాలంలో హైదరాబాదు పరిసరాలలోను ఇటువంటి సంస్థ వెలసింది. శంషాబాదుకు పడమటి దిక్కున, వికారాబాదు సమీపాన ఉన్న అనంతగిరి కొండల మీది క్షయ ఆసుపత్రి అదే. ఎత్తైన చోటు, చెట్ల గాలి, జనసమ్మర్దానికి దూరం అన్న సూత్రమే అక్కడా అనుసరించారు.

శానిటోరియం చికిత్స అంటే ఈనాటి ఆసుపత్రి చికిత్స వంటిది కాదు. అది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగే తపస్సు. తెరచిన కిటికీల గదులలో, వరండాలలో మంచాలు వేసేవారు. పాలు, గుడ్లు, మంచి ఆహారం వేళకు ఇచ్చేవారు. జ్వరం ఉన్నంతకాలం రోగి కదలకూడదు. గట్టిగా మాట్లాడడం కూడా తగదు. జ్వరం తగ్గిన తరువాత కొద్ది అడుగుల నడక, ఆపైన మరికొంత, ఇట్లా మెల్లమెల్లగా పెంచేవారు. దేహం తన శక్తితో తానే రోగాన్ని అణచుకొనేందుకు వ్యవధి ఇవ్వడమే ఇందులోని రహస్యం.

విశ్రాంతి చాలనిచోట వైద్యులు మరొక మార్గం పట్టేవారు. రోగం పట్టిన ఊపిరితిత్తిని కొంతకాలం పనిచేయకుండా చేయడమే ఆ మార్గం. పక్కటెముకల నడుమ సూదిని గుచ్చి, ఛాతీ గోడకూ ఊపిరితిత్తికీ మధ్య గాలిని నింపితే ఊపిరితిత్తి ముడుచుకొనిపోతుంది. లోపలి గుల్లలు మూసుకొంటాయి. నింపిన గాలి కొద్దిరోజులలో ఇంకిపోతుంది కనుక మళ్ళీ మళ్ళీ సూది గుచ్చవలసిందే. ఇది రెండు మూడు సంవత్సరాలు సాగేది. అదీ కుదరనివారికి కొన్ని పక్కటెముకలను తొలగించి, ఆ వైపు ఛాతీని శాశ్వతంగా కుదించేవారు. విరిగిన చేతికి కట్టు కట్టి కదలనీయకుండా ఉంచినట్లే, ఊపిరితిత్తికి కూడా విశ్రాంతి ఇవ్వాలన్నది నాటి వైద్యుల ఆలోచన. నేటివారికి ఇది క్రూరంగా తోచవచ్చు. కాని చేతిలో మందు లేని వైద్యుడు అంతకు మించి చేయగలిగినది లేదు. ఆ పద్ధతులతో బ్రతికి బయటపడినవారూ తక్కువమంది కారు.

ఇటువంటి చోట రోజులు గడపడం రోగాన్ని భరించడం కంటె కష్టం. పక్క మంచం మీది మనిషి ఒకనాటి ఉదయం కనిపించడు. తన వంతు ఎప్పుడన్న ఆలోచన మనస్సును తొలుస్తుంది. కొందరు నిరాశకు లోనవుతారు, కొందరు దైవచింతనలో మునుగుతారు. వెంకట సుబ్బారావుగారికి తోటిరోగులలో బెంగాలీ ఒకరు తారసపడ్డారు. ఆయన వద్ద వంగభాష నేర్చుకోవాలని నిశ్చయించుకొన్నారు. రేపటి మీద నమ్మకం లేనివాడు కొత్త భాష అక్షరాలు దిద్దడు. ఆ ఒక్క నిర్ణయంలో ఆయన స్వభావమంతా ఉన్నది. లేచి నడవడానికి అనుమతి లేని కాలంలో ఒక సాహిత్యప్రపంచం ఆయన మంచం వద్దకే నడచివచ్చింది. బంకించంద్రుడు, రవీంద్రుడు, శరచ్చంద్రుడు వ్రాసిన భాష ఆయనకు స్వాధీనమైంది. ఆరోగ్యవరం ఆయనకు ఆరోగ్యాన్నే కాక వృత్తిని కూడా వరంగా ఇచ్చిందనవచ్చు.

ఆయన కోలుకొని తెనాలికి తిరిగివచ్చారు. అయితే క్షయ నుండి కోలుకోవడం జ్వరం నుండి కోలుకోవడం వంటిది కాదు. క్రిములు నశించినా, అవి చేసిన గాయం మిగిలిపోతుంది. చర్మం మీది గాయం మానినచోట మచ్చ గట్టిపడినట్లే, ఊపిరితిత్తిలోను మెత్తని కణజాలం పోయి గట్టి నార వంటి మచ్చ ఏర్పడుతుంది. ఆ భాగం సాగదు, గాలిని పీల్చుకోదు. కొందరిలో గుల్లలు అట్లాగే ఉండిపోతాయి. కొందరిలో శ్వాసనాళాలు వెడల్పై, వాటిలో తెమడ నిలిచి, చీటికి మాటికి చీము పడుతుంది. పాత గుల్లలో బూజు పెరిగి దగ్గుతో నెత్తురు పడడం కూడా కద్దు. మెట్లెక్కితే ఆయాసం, చలికాలం వస్తే దగ్గు, చిన్న జలుబు కూడా ఛాతీకి దిగడం వంటివి ఎందరికో జీవితాంతం తోడుంటాయి. ఇవి పాత గాయపు బాధలు కావచ్చు, వ్యాధి తిరగబెట్టినందువల్ల కావచ్చు. కఫపరీక్ష చేయనిదే రెండింటి తేడా తెలియదు. కనుకనే నాడు శానిటోరియం విడిచేవారికి బరువు పనులు వద్దనీ, దుమ్ము పొగలకు దూరంగా ఉండాలనీ, ఏటేటా పరీక్ష చేయించుకోవాలనీ వైద్యులు చెప్పి పంపేవారు.

ఈ సత్యానికి ప్రపంచమెరిగిన ఉదాహరణ దక్షిణాఫ్రికా నాయకుడు నెల్సన్ మండేలా. 1988లో జైలులో ఉండగా ఆయనకు క్షయ సోకింది. అప్పటికి మంచి మందులు ఉన్నందున నయమైంది. 1994లో ఆయన దేశాధ్యక్షుడయ్యారు. కాని వార్ధక్యంలో 2011 నుండి ఊపిరితిత్తుల వ్యాధి పదేపదే ఆయనను ఆసుపత్రి పాలు చేసింది. 95 ఏళ్ళ వయస్సులో, 2013 డిసెంబరు 5న మరణించారు. క్షయను జయించిన పాతికేళ్ళ దీర్ఘజీవితం ఒక వైపు, ఆ వైపు నుండే బలహీనపడిన శ్వాస మరొక వైపు.

మందులే లేని కాలంలో కోలుకొన్న చక్రపాణి, ఆ తరువాత నలభై సంవత్సరాలకు పైగా జీవించారు. ఆ నలభై ఏళ్ళలో ఒక్క ఏడైనా వ్యర్థం చేసినట్లు కనిపించదు.

తెనాలిలో ఆయన మొదట చేపట్టినది కలం. 1934-35 ప్రాంతంలో తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావుతో కలసి 'యువ' అనే పత్రిక నడిపారు. ఆపైన శరత్‌బాబు నవలలను బెంగాలీ మూలం నుండి నేరుగా తెలుగులోకి తెచ్చారు. 'దేవదాసు' మొదలైన ఆ అనువాదాలు తెలుగు దేశంలో ఇంటింటికీ చేరాయి. వాటిలో అనువాదపు వాసన ఉండేది కాదు. శరత్‌బాబు తెలుగువాడే కాబోలునని పాఠకులు భ్రమించేవారని చెప్పుకోవడం పరిపాటి. పెద్ద పెద్ద సమాసాలు, అలంకారాలు ఆయనకు గిట్టవు. ఇంట్లో మాట్లాడుకొనే తెలుగును, అనవసరమైన మాట లేకుండా, ఏరి కూర్చేవారు. పొదుపుగా ఊపిరి తీసుకొనే మనిషి పొదుపుగా వాక్యం వ్రాశాడని ఎవరైనా అంటే, అది చమత్కారమే అయినా కాదనబుద్ధి కాదు.

సినిమారంగం ఆయనను కలం ద్వారానే పిలిచింది. పి. పుల్లయ్య దర్శకత్వంలో 1941లో వచ్చిన 'ధర్మపత్ని'కి మాటలు వ్రాశారు. తరువాత మద్రాసు చేరి బి.ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ'కు పనిచేశారు. అది 1945లో విడుదలైంది. అక్కడే బి.ఎన్. రెడ్డి తమ్ముడు, ముద్రణాలయ యజమాని అయిన బి. నాగిరెడ్డితో స్నేహం కుదిరింది. నాగిరెడ్డి-చక్రపాణి అన్న జంటపేరు ఒక్క మనిషి పేరులాగా తెలుగువారి నోట నిలిచిపోయింది. ఒకరిది నిర్వహణ సామర్థ్యం, మరొకరిది కథను తూచగల బుద్ధి. ఒకరి పనిలో మరొకరు తలదూర్చకపోవడమే ఆ స్నేహం చివరిదాకా నిలవడానికి కారణమై ఉంటుంది.

వారి విజయా సంస్థ తొలి చిత్రం 'షావుకారు' 1950లో వచ్చింది. పల్లెటూరిలో ఇరుగుపొరుగు కుటుంబాల మధ్య అప్పు తెచ్చిన తగవు అందులోని కథ. ఆపైన 'పాతాళభైరవి', 'పెళ్ళిచేసి చూడు', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'అప్పుచేసి పప్పుకూడు', 'జగదేకవీరుని కథ', 'గుండమ్మకథ' పన్నెండేళ్ళ వ్యవధిలో వచ్చాయి. వరకట్నం, అప్పుల మీద ఆడంబరం, నిరుద్యోగం వంటి సమస్యలను నవ్విస్తూనే చూపించారు. కన్నీటి కథలను వంగభాష నుండి తెచ్చి పేరు పొందిన మనిషి, తాను సినిమా తీసేటప్పుడు నవ్వునే ఎంచుకోవడం గమనించదగినది.

వీటిలో 'మిస్సమ్మ'ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1955లో విడుదలైన ఈ చిత్రానికి ఆధారం 'మన్మొయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ రచన. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడిన ఇద్దరు ఉపాధ్యాయుల కథ అది. మతాలు వేరైన ఆ ఇద్దరినీ తెలుగు పల్లెలో, తెలుగు జమీందారు ఇంట, తెలుగు నుడికారంతో చక్రపాణి నిలబెట్టారు. మూలం ఎక్కడిదో గుర్తుపట్టలేనంతగా అది తెలుగు కథ అయిపోయింది. సావిత్రి నటనకు, సాలూరి రాజేశ్వరరావు సంగీతానికి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులలో, ఈ కథకు మూలమైన భాష ఒక క్షయరోగుల ఆశ్రమంలో మంచం మీద నేర్చినదని ఎందరికి తెలిసి ఉంటుంది?

సినిమాల కంటె ముందే, 1947 జూలైలో, నాగిరెడ్డి-చక్రపాణి 'చందమామ' పిల్లల మాసపత్రికను ప్రారంభించారు. స్వాతంత్ర్యం రావడానికి అప్పటికి నెలరోజుల పైచిలుకు వ్యవధి ఉంది. తెలుగుతో మొదలై తమిళం, కన్నడం, హిందీ మొదలుగా అనేక భారతీయ భాషలకు అది విస్తరించింది. 1952 నుండి కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదక బాధ్యతలు వహించారు. చిత్రా, శంకర్ వంటి చిత్రకారులు బొమ్మలు వేశారు. పిల్లలకు వ్రాసేటప్పుడు పాండిత్యం చూపకూడదు, నీతిని నెత్తిన రుద్దకూడదు, కథ కథగా నడవాలి అన్న పద్ధతి ఆ పత్రిక ప్రతి పుటలోను కనిపించేది. 2010 దశకంలో ఆగిపోయేదాకా ఆ పత్రిక ఎన్నో తరాలను పెంచింది. దక్షుని శాపం వల్ల చంద్రునికి క్షయ సోకిందనీ, అందువల్లనే పదిహేను దినాలు క్షీణించి, పదిహేను దినాలు వృద్ధి పొందుతాడనీ పురాణాలు చెబుతాయి. ఒకనాటి క్షయరోగి స్థాపించిన పత్రికకు చంద్రుని పేరే కుదరడం కాకతాళీయం కావచ్చు. అయినా ముచ్చటైన సంగతి.

ఆయన చిత్రాలు తీస్తున్న ఆ సంవత్సరాలలోనే క్షయ కథ కూడా మారిపోయింది. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. మనదేశంలో బి.సి.జి. టీకాల కార్యక్రమం 1948లో మొదలైనది మదనపల్లెలోనే. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఇరుకు ఇళ్ళలో ఉండే పేదరోగులు కూడా మందులు సక్రమంగా వాడితే శానిటోరియంలోని వారితో సమానంగా కోలుకొంటారని నిరూపించింది. ఆ పరిశోధనతో ప్రపంచమంతటా శానిటోరియంల యుగం ముగిసింది. సంవత్సరాల మంచం ఆరు నెలల మాత్రలైంది.

మందుల విజయం మరొక విషయాన్ని మరుగుపరచింది. ఆరు నెలలు నిండి, కఫంలో క్రిమి లేదని తేలితే రోగి పేరు జాబితా నుండి తొలగిపోతుంది. ఆ తరువాత అతని శ్వాస ఎట్లా ఉన్నదో అడిగేవారుండరు. నాటి శానిటోరియంలు మరువని ఈ ప్రశ్నను ఆధునిక వైద్యం చాలాకాలం మరచింది. క్షయ నయమైనవారు ఇతరులకంటె దాదాపు మూడు రెట్లు అధికంగా మరణానికి గురవుతున్నారని 2019లో ప్రచురితమైన ఒక పరిశీలన తెలిపింది. ఆ ఏడే దక్షిణాఫ్రికాలో వైద్యనిపుణులు సమావేశమై, క్షయానంతర ఊపిరితిత్తుల వ్యాధిని ప్రత్యేకంగా గుర్తించి చర్చించారు. చికిత్స ముగిసినవారికి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయాలనీ, శ్వాస వ్యాయామాలు నేర్పాలనీ, పొగతాగడం మాన్పించాలనీ, ఆయాసం ఉన్నవారిని విడిచిపెట్టరాదనీ నేటి నిపుణుల అభిప్రాయం. ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగోవంతు ఉన్న మనదేశానికి ఇది చిన్న విషయం కాదు.

చక్రపాణి జీవితపు చివరి దశలోను పని మానలేదు. 1960 దశకంలో 'యువ' మాసపత్రికగా మళ్ళీ వచ్చింది. సినిమా పత్రిక 'విజయచిత్ర' 1966లో మొదలైంది. 'గుండమ్మకథ' తమిళరూపానికి స్వయంగా దర్శకత్వం వహించారు. చిత్రపరిశ్రమ రంగుల హంగులకు, పోరాటాలకు మళ్ళిన తరువాత విజయా చిత్రాల వేగం తగ్గింది. మారిన అభిరుచికి తలవంచడం ఆయనకు చేతకాలేదనేవారున్నారు. అందులో కొంత నిజముంది. అయితే అప్పటికే ఆయన తీసినవి నేటికీ చూస్తున్నారు, నాడు వాటిని దాటి పరుగెత్తినవాటిలో అనేకం పేరైనా మిగలలేదు.

1975 సెప్టెంబరు 24న, అరవై ఏడేళ్ళ వయస్సులో చక్రపాణి కన్నుమూశారు. బాపు దర్శకత్వంలో ఆయన తలపెట్టిన 'శ్రీ రాజేశ్వరీ విలాస్ కాఫీ క్లబ్' ఆ మరుసటి సంవత్సరం విడుదలైంది. 'చందమామ' నెలనెలా వెలువడుతూనే ఉన్నది. కుటుంబరావు 1980లో తాను మరణించేదాకా దాని బాధ్యతను మోశారు.